నల్ల ముల్లు, ఎర్ర ముల్లు

మా మామ్మ అబద్ధమాడుతోందని తేల్చింది నేనే. నా చేత్తోనే ఆవిడ తలకి టోపీ పెట్టాను, నా చేత్తోనే కాగితం చింపాను, నా నోటితోనే "ఎరుపు" అని చెప్పాను. బల్ల అవతల స్పెషల్ డిప్యూటీ కలెక్టరు పానకాలరావుగారు తలెత్తకుండా రాసుకున్నారు. టోపీ వైర్ల మధ్య నుంచి మామ్మ నన్ను చూసి, "ఏటే, అయిపోనాదా?" అంది.

"అయిపోయింది మామ్మా," అన్నాను. ఇంకేం చెప్పను?

ఇది ఎనభై ఆరులో జరిగింది. నా పేరు నూకరత్నం. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలవాడు ఈ రోజు నీళ్ళు తక్కువ కలిపాడంటే ఎందుకు తక్కువ కలిపాడా అని ఆలోచిస్తాను. ఇంట్లో అందరూ నన్ను "పోలీసు గుంట" అనేవారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, వాల్తేరు కొండ మీద డాక్టర్ సుభద్ర మేడం లాబులో చేరినప్పుడు, నా జబ్బుకి తగ్గ ఉద్యోగమే దొరికిందని నాన్న నవ్వాడు.

మేడం కనిపెట్టిన మిషను చూడడానికి పెద్ద గొప్పగా ఉండదు. వైర్ల టోపీ ఒకటి, రేడియోగ్రాం అంత పెట్టె ఒకటి, కదిలే కాగితం మీద గీతలు గీసే రెండు ముళ్ళు. నేను చేరిన మొదటి రోజే మేడం ఆ టోపీ నా నెత్తిన పెట్టి, "చిన్నప్పటిది ఏదన్నా గుర్తు చేసుకో" అంది. నాకు మూడో ఏట నేను బావిలో పడడం గుర్తుకొచ్చింది. నీళ్ళు, పైన గుండ్రంగా ఆకాశం, తాడు పట్టుకుని దిగిన నాన్న కాళ్ళు, అన్నీ కళ్ళకి కట్టినట్టు ఉంటాయి. ఎర్ర ముల్లు ముందు లేచింది.

"ఇది నువ్వు చూసింది కాదమ్మాయ్. ఎవరో చెబితే విన్నావు. చూసింది తలుచుకుంటే బుర్రలో కంటి వైపు ముందు కదులుతుంది, అప్పుడు నల్ల ముల్లు లేస్తుంది. విన్నదైతే చెవి వైపు కదిలి ఎర్రది లేస్తుంది," అంది మేడం.

నేను ఇంటికెళ్ళి మామ్మని నిలదీశాను. ఆవిడ పకపకా నవ్వేసింది. బావిలో పడింది నేను కాదుట, మా అత్త కూతురుట. చిన్నప్పుడు నాకు అన్నం తినిపించడానికి నా పేరు పెట్టి చెప్పేదిట. ఇరవై ఏళ్ళు నాది కాని బావిలో మునిగినందుకు నాకు ఒళ్ళు మండింది గాని, మిషను మీద మాత్రం ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

ఆ భక్తే మా పేట కొంప ముంచింది.

మా పేట పేరు మోల్మేనుపేట, బర్మాలోని ఒక రేవు పేరది. విశాఖపట్నంలో రైలు పట్టాలకీ ఉప్పుటేరుకీ మధ్య నలభై ఒక్క ఇళ్ళు. పంతొమ్మిది వందల నలభై రెండులో రంగూను మీద బాంబులు పడ్డప్పుడు, అక్కడి బియ్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ పనిచేసే మనవాళ్ళు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చేశారు. దార్లో ఎంతమంది పోయారో లెక్కలేదు. మిగిలినవాళ్ళలో కొందరు ఇక్కడ పాకలు వేసుకున్నారు. ఎనభై ఆరులో ప్రభుత్వం ఆ స్థలానికి పట్టాలిస్తానంది, కాకపోతే నిజంగా బర్మా నుంచి నడిచొచ్చిన కుటుంబాలకే. మధ్యలో వచ్చి చేరినవాళ్ళు ఖాళీ చెయ్యాలి. మరి రుజువేది? కాగితాలన్నీ ఏ కొండలోయలోనో కుళ్ళిపోయాయి. అప్పుడు నేనే ఎగేసుకుంటూ పేట పెద్దల దగ్గరికెళ్ళి, "మా మేడం మిషనుంది, అబద్ధమాడదు, ఇంటికొక ముసలాళ్ళు వచ్చి కూర్చుంటే చాలు" అన్నాను. పానకాలరావుగారు కూడా సంతోషంగా ఒప్పుకున్నారు. ఆయనకి ఫైలు మూస్తే చాలు.

నలభై ఒక్కమంది కూర్చున్నారు. ముప్ఫై మందికి ఎర్ర ముల్లు లేచింది. ఆ ముప్ఫైమందిలో మా మామ్మ అసిరమ్మ ఒకత్తి.

మామ్మకి ఎరుపేమిటి? ఆ పేటలో నడక గురించి మా మామ్మంత బాగా చెప్పేవాళ్ళే లేరు. ఏటేటా ఫాల్గుణంలో మా పేటలో నడక రోజని చేస్తారు. ఆ రోజు పొయ్యి వెలిగించరు. అటుకులు నానబెట్టుకు తిని, వీధిలో చాపలేసుకుని కూర్చుని నడకంతా మొదట్నుంచి చివరిదాకా చెప్పుకుంటారు. మొత్తం ముప్ఫై మజిలీలు. మజిలీకొక ఇల్లు. ఎవరి మజిలీ వాళ్ళే చెప్పాలి, "నేను" అనే చెప్పాలి. మాట పొల్లు పోతే పిల్లలు కూడా "తప్పు, తప్పు" అని అరుస్తారు. చెప్పేవాళ్ళు పోతే ఆ మజిలీ ఇంకో ఇంటికి ఇస్తారు. మా మామ్మది పదకొండోది, కొండ ఎక్కి దిగడం. "మూడు పగళ్ళు, మూడు రాత్రిళ్ళు సంటోణ్ణి సంక దించనేదు నాను" అంటుంటే ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకునేవారు. ఆ సంటోడు మా నాన్న.

ఎర్రముల్లు వార్త నాకంటే ముందే పేటకి చేరింది. మర్నాటికి వీధికుళాయి దగ్గర రెండు వరసలు కనబడ్డాయి. నల్లవాళ్ళ బిందెలు ఒకవైపు, ఎర్రవాళ్ళవి ఒకవైపు. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో తెలీదు. మొన్నటిదాకా ఒకరి ఇంట్లో ఒకరు చొరవగా కూర గిన్నె పట్టుకుని దూరిపోయినవాళ్ళే, "ఆళ్ళది తునీ అంట, బర్మా కాదంట" "ఆళ్ళ తాత జైల్నుంచి పారిపోయొచ్చి మనలో కలిసిపోనాడంట" అనుకోవడం మొదలెట్టారు. ఖాయమైన పెళ్ళి ఒకటి ఆగిపోయింది. ఎవరో మా ఇంటి తలుపు మీద ఎర్ర సుద్దతో అడ్డగీత గీశారు. నాన్న దాన్ని తడిగుడ్డతో తుడిచి డ్యూటీకి పోయాడు. నాన్న పేరు గున్నయ్య, పోర్టులో సరుకు ఎత్తే వించి మిషనుకి డ్రైవరు. మాటకారి మనిషి. ఆ వారం ఆయన నోట్లోంచి పది మాటలు కూడా రాలేదు.

ఇక నా సంగతి అడగక్కర్లేదు. అనుమానం నా నెత్తినెక్కి కూర్చుంది. మామ్మ మాటల్లో నాకు అన్నీ అతుకులే కనిపించాయి. రంగూనులో ఉన్న వీధి పేరు ఒకసారి ఒకటి చెప్తుంది, ఇంకోసారి ఇంకోటి. బర్మా భాషలో నాలుగు ముక్కలు రావు. పక్కింటివాళ్ళు ఇష్టంగా చేసుకునే కుళ్ళబెట్టిన రొయ్యల ముద్ద వాసనొస్తే ముక్కు మూసుకుంటుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ ఆదివారం మామ్మ పెరట్లో ఎండుచేపల తలలు గిల్లుతోంది. నేను ఎదురుగా పీట వేసుక్కూర్చున్నాను.

"మామ్మా, నిజం చెప్పు. నువ్వు నడిచావా?"

"నడవక ఎగిరొచ్చినానేటి?"

"మిల్లు పక్కన వీధి పేరేమిటి?"

"నాకు గుర్తు నేదు."

"మొన్న గుర్తుందిగా."

"మొన్న ఉన్నాది, ఇవాళ నేదు. నలభై నాలుగేళ్ళైనాదే గుంటా. నా మొగుడు మొకమే సరీగా గుర్తు నేదు, ఈది పేరు అడుగుతున్నాదీ!"

"మరి మజిలీ మాత్రం ఒక్క మాట కూడా పొల్లు పోకుండా చెప్తావు. బట్టీ పట్టినట్టు."

మామ్మ చేతిలో చేపని పళ్ళెంలోకి విసిరింది. "ముల్లు నీకు మామ్మైపోనాదా ఇప్పుడు? పొద్దున లెగిస్తే నీకు తల దువ్విందెవలు, ముల్లా?"

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నాన్న పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడని నేను చూడలేదు.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు నడవకపోతే మరి నన్ను ఎవలు మోసినారు? నేనెవణ్ణి?"

మామ్మ కళ్ళెత్తి కొడుకుని చూసింది, వెంటనే దించేసుకుంది. ఆ దించుకోవడం నేను చూశాను. చూసి, "దొరికిపోయింది" అనుకున్నాను. ఛీ, నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నాకే అసహ్యం.

దారి దొరికింది లింగన్న తాత వల్ల. లింగన్న పచ్చి తాగుబోతు. నలభై ఏళ్ళ కిందట నడకరోజున తాగొచ్చి గోల చేశాడని, అప్పట్నుంచి అతన్ని చాప మీద కూర్చోనివ్వరు. మాట మీద నిలబడని మనిషని పేరు. అలాంటి లింగన్నకి నల్ల ముల్లు కాగితం చివర దాకా లేచింది! పేటలో ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఏదో మాయ చేశాడని అతని పాకకెళ్ళాను. మధ్యాహ్నం వేళ, అదృష్టం కొద్దీ ఇంకా తాగలేదు.

"ఏం తలుచుకున్నావు తాతా టోపీ పెట్టినప్పుడు?"

"అది నీకెందుకే?"

"ఎవరికైనా ఎప్పుడైనా చెప్పావా అది?"

"నాకు చాపెయ్యరు కదా! ఎవలికి సెప్తాను? నా నోట్లోంచి ఆ ఊసు ఎప్పుడూ రానేదు. పడుకుంటే కళ్ళ ముందుకొస్తాది. అందుకే తాగుతాను. ఎల్లు, ఎల్లు."

నేను వెళ్ళలేదు. ఆ గుమ్మంలోనే నిలబడిపోయాను. మనసులో జాబితా తిరిగింది. నల్ల ముల్లు వచ్చిన పదకొండు మంది ఎవరు? లింగన్న. పుట్టుమూగ సీతాలు. ముప్ఫై ఏళ్ళు ఖరగ్‌పూరు రైల్వేలో ఉండి మొన్న తిరిగొచ్చిన ఒకాయన. భర్త కట్టడి చేస్తే చాపకాడికి ఏనాడూ రాని ఇద్దరు ఆడవాళ్ళు. తక్కినవాళ్ళు కూడా అంతే. నడకరోజున నోరు విప్పని వాళ్ళు, విప్పనివ్వని వాళ్ళు. ఎర్ర ముల్లు వచ్చిన ముప్ఫై మందీ ఏటేటా "నేను, నేను" అని చెప్పినవాళ్ళు.

పరిగెత్తి కొండ ఎక్కాను. మేడంకి చెప్పాను. మేడం టోపీ తన తలకే పెట్టుకుంది. తన పెళ్ళిలో పందిరి కూలి అన్నాల మీద పడిన కథ ఆవిడ వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తుంది, నేనే పాతికసార్లు విన్నాను. అది తలుచుకుంది. ఎర్ర ముల్లు లేచింది.

"అది మీరు చూసిందే కదా మేడం?"

"నా పెళ్ళికి నేను లేనా మరి!" అంది మేడం విసుగ్గా, కాని మొహం పాలిపోయింది. "చెప్పిన ప్రతిసారీ చూసింది కాస్త అరుగుతుంది, చెప్పింది దాని మీద పేరుకుంటుంది. నాకు తెలుసు. మొదట్లోనే ఒకటి రెండు కేసుల్లో కనిపించింది. ఒక సంగతిని మనిషి నలభైసార్లు అవే మాటల్లో ఎందుకు చెప్తాడులే అని పక్కన పెట్టాను."

"మా పేటలో చెప్తారు మేడం. మర్చిపోకూడదని చెప్తారు."

మేడం టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ పదకొండేళ్ళ పని అది. ఆ క్షణంలో ఆవిడ ఏమీ తెలియనట్టు ఊరుకుంటుందేమోనని నేను అనుమానించాను. ఊరుకోలేదు. ఆ సాయంత్రమే పానకాలరావుగారికి ఫోను చేసింది.

ఆయన ఒప్పుకుంటాడా? "అమ్మా, మొన్న మిషను దేవుడన్నారు, ఇవాళ కాదంటున్నారు. ఎర్రవాళ్ళలో మీ అసిస్టెంటు మామ్మ కూడా ఉంది. నేనేమనుకోవాలి?" అన్నాడు. ఆయన అనుమానం తప్పని నేనెలా అంటాను, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అందును. చివరికి ఒక షరతు పెట్టాడు. ఎర్ర ముల్లు వచ్చినవాళ్ళలో ఒక్కరు, నడకలో జరిగినది, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఒకటి ఆయన ముందు తలుచుకుని పైకి చెప్పాలి. నల్ల ముల్లు లేవాలి. ఒక్క రీడింగు మీద ఫైలు కదలదు కాబట్టి, నెల తర్వాత మళ్ళీ అదే తలుచుకుంటే మళ్ళీ నలుపే రావాలి. అప్పుడు మిషను రీడింగులన్నీ పక్కన పెట్టి, పేట సాక్ష్యం మీద అందరికీ పట్టాలు రాస్తాడు.

పేటలో చెప్పాను. "ఎవరికీ చెప్పనిది ఎవరి దగ్గరుంది?" అని అడిగాను. ముసలాళ్ళంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరు కూడా నా మొహం చూడలేదు. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళని ఓరకంట చూస్తున్నారు. ఆ ముప్ఫైమందిలో ఒక్కరి దగ్గర కూడా చెప్పని మాట లేదంటే నేను నమ్మను. అందరి దగ్గరా ఉంది. అందుకే ఎవరూ కదల్లేదు.

మా మామ్మ లేచింది. "నానొస్తాను. గున్నిగాడు మాత్రం రాకూడదు," అంది.

కాని నాన్న వచ్చాడు. రిక్షా వెనకాలే నడిచి కొండెక్కాడు. లాబు గదిలో గోడకి ఆనుకుని నిలబడి, మామ్మ పొమ్మన్నా పోలేదు. పానకాలరావుగారు గడియారం చూసుకున్నారు. మామ్మ కళ్ళు మూసుకుంది.

"మా సంటోడు కొండ ఎక్కకముందే సచ్చిపోనాడు," అంది.

నల్ల ముల్లు ఒక్క గెంతు గెంతింది. గెంతి, కాగితం అంచుకి కొట్టుకుంది. ఆ చప్పుడుకి మేడం ఉలిక్కిపడింది.

"ఆకులేసి కప్పినాను. ఎనకాలోళ్ళు తోసుకుంటూ ఎల్తన్నారు. నానూ నడిసినాను. మర్నాడు పొద్దుట కొండ మలుపుకాడ ఒక ఆడది పడున్నాది. ఇరోసనాలు, వాంతులు, ఇంక లెగలేదు. పేణం ఉన్నాది. కళ్ళు తెరుసుకునే ఉన్నాది. పక్కన పిల్లడు కూకోని దాని గాజులు తిప్పుతన్నాడు. అది నా డబ్బాలో నీళ్ళకేసి సూసినాది. నీళ్ళు గుక్కెడున్నాయి. నాను పిల్లణ్ణెత్తి సంకనేసుకున్నాను. అది నా కోక సెరగు పట్టుకున్నాది. నీళ్ళకి పట్టుకున్నాదో పిల్లడి కోసం పట్టుకున్నాదో నాకు తెలీదు. దాని ఏలు ఒక్కోటీ ఇడిపించినాను. నీళ్ళు దానికి పొయ్యనేదు. మలుపు తిరిగాక పిల్లడికి పోసినాను."

ముల్లు ఇంకా గీస్తూనే ఉంది, అంతా నలుపే. మామ్మ కళ్ళు తెరిచి నాన్న వైపు చూసింది. నాన్న గోడకి ఆనుకుని అలాగే జారి నేల మీద కూర్చున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి, టన్నుల సరుకు ఒంటిచేత్తో ఎత్తి దించేవాడు.

"అమ్మా" అని మాత్రం అన్నాడు. ఎవర్ని పిలిచాడో నాకు తెలియలేదు.

ఆ తర్వాత నెల రోజులు మా ఇల్లు ఇల్లు కాదు. పేటంతటికీ మామ్మ నోరు ఇప్పుడు ప్రాణాధారం. ఆ సంగతి ఆవిడ మళ్ళీ ఎవరికీ చెప్పకూడదు, చెబితే అరుగుతుంది, అరిగితే ఎర్ర ముల్లు, ఎర్ర ముల్లయితే ముప్ఫై ఇళ్ళు వీధిలో. నిన్నటిదాకా మా గుమ్మం తొక్కనివాళ్ళు వంతులేసుకుని అరుగు మీద కూర్చునేవారు. పేరుకి పలకరింపు, నిజానికి కాపలా. ఎవరి మీద అంటే నాన్న మీద. నాన్న మామ్మ పక్కకి వెళ్ళాడంటే ఎవరో ఒకరు "ఏటి గున్నయ్యా, వంటైందా?" అని దగ్గుతూ లోపలికి వచ్చేసేవారు. నేనూ ఆ కాపలాలో ఉన్నాను. నేనే అసలు కాపలా.

నాన్న నాతో ఒక్కసారే అన్నాడు. "ఆవిడ ఎలా ఉండేదో అడుగుతానే. ఒక్కసారి. నాకు ఆవిడ పేరు కూడా తెలీదు. మొకమైనా తెలియొద్దా?"

"ఇరవై ఆరు రోజులు ఆగు నాన్నా. పట్టాలొచ్చాక ఎంతసేపు కావాలంటే అంతసేపు అడుగు."

"మామ్మకి డెబ్బై దాటాయి," అన్నాడు. "ఇరవై ఆరు రోజులంటే నీకు చిన్నవేనా?"

నేను చెప్పులేసుకుని లాబుకి పోయాను.

నెల నిండడానికి నాలుగు రోజులుందనగా పోర్టు గేటు పక్క నుంచి బస్సులో వస్తుంటే మామ్మ కనిపించింది. ఎర్రటి ఎండలో గోడౌను గోడ నీడన కూర్చుని ఉంది. ఒళ్ళో క్యారియరు. పక్కన నాన్న, అన్నం ముట్టలేదు, ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సు దిగి పరిగెత్తాను.

"ఎన్నాళ్ళనించి?"

"నాలుగో రోజునించి," అంది మామ్మ, ఏమాత్రం దాచకుండా. "రోజూ క్యారియరు తెస్తున్నాను గదా. అరుగు మీదోళ్ళు ఇక్కడిదాకా రారు."

"రోజూ చెప్తున్నావా? అదే?"

"ఆడు రోజూ అడుగుతున్నాడు."

"ముప్ఫై ఇళ్ళు మామ్మా! నీ నోటి మీద ముప్ఫై ఇళ్ళున్నాయి, తెలుసా నీకు?"

"తెలుసు. నాకు బాగా తెలుసు." "ఆ రోజు దాని కాడ నీళ్ళు దాసీసినాను. ఇప్పుడు ఆడి తల్లిని ఆడి కాడ దాసీమంటావేటే? నానింక దాయలేనే."

నాన్న తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో అనుకున్నాను గాని కోపం కాదు. రిక్షా పిలిచి ఆవిణ్ణి ఎక్కించాను. పేటలో ఎవరికీ చెప్పలేదు.

రెండో రీడింగు రోజు మామ్మ టోపీ కింద చిన్నదైపోయినట్టు కనిపించింది. అవే మాటలు చెప్పింది. ఈసారి ఎక్కడా తడుముకోలేదు. ఏడవలేదు కూడా. చంటోడు, ఆకులు, మలుపు, గాజులు, గుక్కెడు నీళ్ళు. వింటుంటేనే నాకు తెలిసిపోయింది, ఎందుకంటే ఆ వరస నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. చాప మీది వరస అది.

కాగితం చింపాను. రెండు గీతలూ లేచాయి. ఏది ముందు లేచిందో చిన్నచిన్న గళ్ళు లెక్కపెట్టి చెప్పాలి. పానకాలరావుగారికి అది చదవడం రాదు, నా మొహంలోకే చూస్తున్నారు. లెక్కపెట్టాను. రెండు గళ్ళు ముందు ఎర్రది ఉంది. మళ్ళీ లెక్కపెట్టాను. రెండు గళ్ళే.

"ఏమ్మా?" అన్నారాయన.

"నలుపండీ," అన్నాను.

మేడం చెయ్యి చాచి కాగితం తీసుకుంది. కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడకి గళ్ళు లెక్కపెట్టక్కర్లేదు, ఒక్క చూపు చాలు. చూసింది. మేడం కలం తీసి కింద సంతకం పెట్టి ఆయనకిచ్చేసింది. నా వైపు మాత్రం చూడలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాత ఆ లాబులో ఉన్నంతకాలమూ నన్ను సూటిగా చూసి మాట్లాడలేదు. పట్టాలు ఆషాఢంలో వచ్చాయి, నలభై ఒక్క ఇళ్ళకీ.

పానకాలరావుగారు వెళ్ళాక నేను టోపీ విప్పుతుంటే మామ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నిజం సెప్పు పోలీసు గుంటా. ఏ ముల్లు?"

"నలుపే మామ్మా."

"అబద్ధం." ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "నాకు తెలుస్తాదే. ఆయమ్మ కళ్ళు నాకు రోజూ కనబడేవి. నిద్దర్లో కూడా కనబడేవి. ఇప్పుడు నా మాటే ఇనబడుతున్నాది గాని కళ్ళు కనబడ్డం నేదు. దాన్ని మళ్ళీ ఆ మలుపుకాడే ఒగ్గీసినాను."

నాన్న వచ్చి ఆవిడ కుర్చీ పక్కన కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి తీసుకున్నాడు. "నాకు కనిపిస్తోందమ్మా," అన్నాడు. "నువ్వు చెప్తుంటే చెప్తుంటే నాకే గుర్తుకొచ్చింది. నేను చూశాను కదా, పక్కనే ఉన్నాను. కోలమొకం. కింది పెదవి పక్కన నల్లటి పుట్టుమచ్చ."

మామ్మ ఉలిక్కిపడి చూసింది. "పుట్టుమచ్చా? నానెప్పుడూ సెప్పనేదే."

"చెప్పలేదు. నాకు గుర్తుంది."

రెండేళ్ళ పిల్లాడికి పుట్టుమచ్చ గుర్తుంటుందా? నలభై నాలుగేళ్ళు గుర్తులేనిది పోర్టు గోడ కింద మూడు వారాల్లో గుర్తొస్తుందా? నిజంగా చూశాడా, లేక అమ్మకి మొహం కావాలని తనే గీసుకున్నాడా? నా బుర్ర పని మొదలెట్టేసింది. అదెప్పుడూ ఆగదు. టోపీ నా చేతిలోనే ఉంది, ఇంకా వెచ్చగా ఉంది. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఐదు నిమిషాల పని.

నాన్న నా చేతిలో టోపీని చూశాడు. ఆయన మొహంలో చిన్నపిల్లాడి ఆశ. "పెట్టి చూడవే రత్నం," అన్నాడు. "నల్లదే లేస్తుంది, చూడు."

మామ్మ కూడా నా వైపే చూస్తోంది.

నేను వెనక్కి తిరిగి స్విచ్చి ఆపేశాను. "మిషను బాగా వేడెక్కిపోయింది నాన్నా," అన్నాను. "ఇవాళ్టికింక పనిచెయ్యదు."